గోడ తాగిన నీళ్ళు

వరద తీసిందంటే గండం గడిచిందనుకుంటాం. కాని ఇంట్లోంచి పోయినంత తొందరగా గోడల్లోంచి నీళ్ళు పోవండీ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతంలో ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో నానాయి. అటువంటి ఇంట్లో తిరిగి అడుగుపెట్టిన ఇల్లాలు ఏం చెయ్యాలో ఇవాళ చెప్పుకుందాం.

ముందు కరెంటు సంగతి. తడిలో నిలబడి మెయిన్ స్విచ్ జోలికి పోకండి. ఎలక్ట్రీషియన్ చూసి సరేననేదాకా ఏ స్విచ్చీ వెయ్యొద్దు. ఫాను తిప్పితే ఆరుతుంది కదా అనుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

ఇప్పుడు కొన్ని ఫ్లాట్లలో జిప్సం బోర్డు పార్టిషన్లు పెడుతున్నారు. అమెరికాలో మన పిల్లలుండే ఇళ్ళలో గోడలు చాలామటుకు ఇవే. అక్కడ డ్రైవాల్ అంటారు. రెండు కాగితపు అట్టల మధ్య జిప్సం ఉంటుంది. అది దీపం వత్తిలా నీటిని పైకి పీలుస్తుంది. ఒకటి రెండు రోజుల్లోనే అట్టకు బూజు పట్టవచ్చు. పైకి ఆరినట్టున్నా లోపల బూజు దాగి ఉంటుంది. కనుక వరదనీరు తాకిన బోర్డు మీద ఆశ పెట్టుకోవద్దు. నీటి మరకకు కనీసం ఒక అడుగు పైదాకా కోయించి పారేయించండి. ముందు ఫోటోలు తీసి ఉంచుకోండి, నష్టపరిహారం అడిగేటప్పుడు పనికొస్తాయి. లోపలి చట్రం బాగా ఆరాకే కొత్త బోర్డు.

ఇటుక గోడ అలా కాదు, ఓపిక పడితే దక్కుతుంది. బురద ఎండకముందే మంచినీళ్ళతో కడిగించండి. కిటికీలు బార్లా తెరవండి. బీరువాలూ మంచాలూ గోడకు జానెడు ఎడంగా జరపండి. ఉబ్బిన పుట్టీ గీకించండి. తెల్లగా ఉప్పు పూస్తే తడిగుడ్డతో తుడవకండి, కరిగి మళ్ళీ లోపలికే పోతుంది. పొడి బ్రష్షుతో దులపండి. బ్లీచింగు పౌడరు వాడేవారు అందులో బాత్‌రూము కడిగే ఆసిడ్ కలపొద్దు, విషవాయువు పుడుతుంది.

"పండగొస్తోంది, రంగులేయిద్దాం" అంటారు ఇంట్లోవాళ్ళు. వద్దనండి. గోడ ఆరడానికి వారాలు, మందపాటిదైతే నెలలు పడుతుంది. అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి మర్నాడు చూడండి. లోపలివైపు చెమ్మ కనబడితే తడి ఇంకా ఉన్నట్టే. తొందరపడి వేసిన రంగు పెచ్చులుగా ఊడి డబ్బు దండగ.

రంగుల్లేని గోడలు చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి. ఆ గదిలో పడుకున్న పిల్లాడు దగ్గకుండా తెల్లవార్లూ నిద్రపోతే, అదేనండీ మనకు పండగ.