బ్యాంజో తెలుసు, మరి మన కిన్నెర?

సోలాపూర్ అశోక్ చౌక్ చుట్టుపక్కల ఏ బడి పిల్లాడినైనా బ్యాంజో అంటే ఏమిటని అడగండి. గణపతి ఊరేగింపులో వాయించేది అని ఠక్కున చెబుతాడు. తప్పేమీ లేదు, మహారాష్ట్రలో ఆ పేరే స్థిరపడింది. నిజానికి అది బుల్‌బుల్ తరంగ్. మీటలు నొక్కి తీగలు పలికించే ఈ వాద్యానికి మూలం జపాన్ తైషోగొతో. 1912లో నగోయాలో గోరో మోరితా దాన్ని తయారుచేశారు.

అసలు బ్యాంజో కథ వేరు. ఆఫ్రికా నుంచి బానిసలుగా అమెరికాకు తరలించిన జనం సొరకాయ బుర్రకు తోలు బిగించి, తీగలు కట్టి వాయించుకున్న వాద్యం అది. ఫిడేలు, బ్యాంజో జంటగా మోగితేనే అక్కడి పల్లెల్లో రాత్రి ఆటలు సాగేవి. కాలక్రమంలో అది తెల్లవాళ్ల సంగీతమన్న పేరు పడింది. నల్లజాతి పిల్లలు చాలామంది తమ తాతల వాద్యమన్న సంగతే మరిచారు.

నార్త్ కరోలినాలోని మెబేన్‌లో జో థాంప్సన్ (1918–2012) మాత్రం తండ్రి దగ్గర నేర్చిన ఫిడేలు వదల్లేదు. బ్యాంజోతో తోడుండే వరస సోదరుడు ఒడెల్ 1994లో కన్నుమూశారు. 2005లో రియానన్ గిడెన్స్, డోమ్ ఫ్లెమన్స్, జస్టిన్ రాబిన్సన్ ప్రతి గురువారం ఆ పెద్దాయన ఇంటికి వెళ్లడం మొదలుపెట్టారు. పుస్తకం లేదు, స్వరలిపి లేదు. ఆయన వాయిస్తే వీళ్లు వెంట అందుకునేవారు. వాళ్ల బృందం ‘కరోలినా చాక్లెట్ డ్రాప్స్’కు 2011లో గ్రామీ వచ్చింది. గ్రామీ కంటే ఆ గురువారాలే నాకు పెద్ద విషయంగా తోస్తాయి.

సొరకాయ బుర్ర అనగానే మనకు కిన్నెర గుర్తు రావాలి. 12 మెట్ల కిన్నెర వాయించే నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ దక్కింది. పద్మశాలీలకైతే సొంత కథకులే ఉన్నారు, కూనపులివారు. చేర్యాల నకాషీలు గీసిన పటం విప్పి, పాటగా మార్కండేయ పురాణం చెబుతారు. తెలంగాణ నుంచి మగ్గం పనికి ఇక్కడికి వచ్చిన మన పెద్దల ఊళ్ల కథ అది. నారళీ పౌర్ణమి నాడు మార్కండేయుడి రథం వెంట నడిచే పిల్లల్లో ఆ కథను తెలుగులో చెప్పగలిగేవారు ఎందరో ఒకసారి మీ తరగతిలోనే అడిగి చూడండి.

ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ, టీవీలో హిందీ. పిల్లలకు మూడూ వస్తాయి, సంతోషమే. కానీ బీడీలు చుడుతూ అవ్వ పాడే పాట ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు. ఆమెతోనే పోతుంది.

టీచర్లకు ఒక మాట. వారానికి ఒక పీరియడ్ చాలు. పాటలొచ్చే అవ్వనో, తాతనో బడికి పిలవండి. పిల్లలు ముందు వినాలి, తర్వాత వెంట పాడాలి, చివరికి తెలుగు లిపిలో రాయాలి. పాటలో మరాఠీ మాట దొర్లితే దిద్దకండి, అది సోలాపూర్ తెలుగు. తల్లిదండ్రులు ఫోన్‌లో రికార్డు చేసి పెట్టండి. పాడినవారి పేరు, సొంత ఊరు, సోలాపూర్‌కు ఎప్పుడు వచ్చారో కూడా ఆ కాగితం మీదే రాయించండి.