ఆగని సర్వరంతా నిలకడైనదేనా?

ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్ ఎంపికలో జాగ్రత్తలు అవసరం

మధిర: ‘సర్వర్ డౌన్’.. ధ్రువపత్రం కోసమో, ఫీజు కట్టేందుకో వెళ్లిన వారికి తరచూ ఎదురయ్యే మాట ఇది. పల్లె నుంచి బస్సెక్కి పట్టణానికి వచ్చిన కూలీకి ఆ ఒక్క మాటతో ఒక రోజు కూలి పోతుంది. ఒకప్పుడు సర్వర్ అంటే హైదరాబాద్‌లో ఎక్కడో ఉండే యంత్రమనే భావన ఉండేది. ఇప్పుడు చిన్న పట్టణంలోని కళాశాల, ఆసుపత్రి, మిర్చి వ్యాపార సంస్థ సైతం సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. దాన్ని నడిపేందుకు లైసెన్సు రుసుము లేని ఓపెన్‌సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లు అందుబాటులో ఉన్నాయి. ఉచితంగా దొరికేది నమ్మకంగా పనిచేస్తుందా అన్న సందేహం సహజమే. అయితే ప్రపంచంలోని 500 అత్యంత శక్తిమంతమైన సూపర్ కంప్యూటర్ల జాబితాలోనివన్నీ 2017 నవంబరు నుంచి లినక్స్‌పైనే నడుస్తున్నాయి. ప్రభుత్వ కార్యాలయాల్లో ఓపెన్‌సోర్స్‌కు ప్రాధాన్యం ఇవ్వాలని కేంద్రం 2015లో విధానం ప్రకటించింది. కాబట్టి చిక్కు ధరతో కాదు. లినక్స్‌లో వందల రకాలున్నాయి. వాటిలో ఏది నిలకడైనదో తేల్చుకోవడమే అసలు సమస్య.

నిలకడ అంటే..

నిలకడ అనగానే మధ్యలో ఆగిపోకుండా నడవడమని అందరూ అనుకుంటారు. సర్వర్ల విషయంలో దీనికి మరో అర్థం ఉంది. చెప్పాపెట్టకుండా మారకపోవడమే ఆ అర్థం. ఉదాహరణకు ఒక కళాశాల ఫీజుల సాఫ్ట్‌వేర్ ఫలానా వెర్షన్ డేటాబేస్‌తోనే పనిచేస్తుందనుకుందాం. ఆపరేటింగ్ సిస్టమ్ రాత్రికి రాత్రి ఆ డేటాబేస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చేస్తే తెల్లవారి కౌంటర్ తెరుచుకోదు. యంత్రం ఆగలేదు, పని ఆగింది.

నిలకడైన సిస్టమ్ ఏళ్ల తరబడి అవే వెర్షన్లను ఉంచుతుంది. భద్రతాలోపం బయటపడితే కొత్త వెర్షన్‌లోని మరమ్మతును మాత్రమే తీసుకొని పాతదానికి అతుకుతుంది. అందుకే వెర్షన్ సంఖ్య పాతదిగా కనిపించినంత మాత్రాన ఆందోళన పడాల్సిన పనిలేదు.

మూడు మెట్ల వడపోత

1993లో మొదలైన డెబియన్ ఈ విధానానికి మంచి ఉదాహరణ. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్‌కూ ఇదే పునాది. డెబియన్‌లో కొత్త సాఫ్ట్‌వేర్ ముందుగా ‘అన్‌స్టేబుల్’ విభాగంలోకి వస్తుంది. కొన్ని రోజుల పాటు తీవ్రమైన కొత్త లోపాలు కనిపించకపోతే ‘టెస్టింగ్’లోకి మారుతుంది. కొంతకాలం తరువాత కొత్తవి చేర్చడం నిలిపివేసి లోపాలను మాత్రమే సరిచేస్తారు. చివరికి అది ‘స్టేబుల్’గా విడుదలవుతుంది. కొత్త రకం మిర్చి విత్తనాన్ని అనుభవమున్న రైతు తొలి ఏడాదే పొలమంతా వేయడు. నాలుగు సాళ్లలో వేసి, తెగుళ్లకు తట్టుకున్నాకే విస్తరిస్తాడు. ఇదీ అలాంటిదే.

ఈ వడపోత విలువ 2024 మార్చి 29న తేలింది. ఫైళ్లను కుదించే ‘ఎక్స్‌జెడ్’ అనే సాఫ్ట్‌వేర్‌లో దొడ్డిదారి అమర్చినట్లు ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు ఆ రోజు వెల్లడించారు. లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతుండటమే ఆయనకు అనుమానం కలిగించింది. ఆ వెర్షన్ అప్పటికే డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్ విభాగాల్లోకి చేరింది. స్టేబుల్‌లోకి మాత్రం రాలేదు. కొత్తదనం కోసం తొందరపడని వారు బయటపడ్డారు.

అలాగని వడపోత దాటినదంతా మచ్చలేనిదని చెప్పలేం. 2006లో డెబియన్ ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో చేసిన చిన్న మార్పు వల్ల రహస్య సంకేతాలు సులువుగా ఊహించగలిగేలా తయారయ్యాయి. ఆ లోపం స్టేబుల్‌లోకీ చేరింది. 2008 మే వరకు బయటపడలేదు. అయితే ప్రకటించిన రోజే మరమ్మతు అందించారు. లోపం వచ్చిందా అన్నదానితో పాటు, దాన్ని ఎంత త్వరగా, ఎంత బహిరంగంగా సరిచేశారన్నదీ కొలమానమే.

పేరు చూసి మోసపోవద్దు

‘స్టేబుల్’ అన్న మాటకు అన్నిచోట్లా ఒకే అర్థం లేదు. ఫ్రీబీఎస్‌డీలో ‘స్టేబుల్’ అనేది అభివృద్ధి జరుగుతున్న శాఖ. నిత్యం నడిచే సర్వర్లకు అక్కడ వాడాల్సింది ‘రిలీజ్’ రకం. ఉబుంటులో రెండేళ్లకోసారి ఏప్రిల్‌లో వచ్చే ఎల్‌టీఎస్ వెర్షన్లకు 5 ఏళ్లు సాధారణ మద్దతు ఉంటుంది. మధ్యలో వచ్చే వెర్షన్లకు 9 నెలలే. తేడా తెలియక రెండోది వేసుకుంటే ఏడాది తిరగకముందే మళ్లీ మార్చుకోవాలి.

మాట మారిన గడువు

గడువు ప్రకటించినా అది నిలబడుతుందో లేదో చూడాలి. సెంట్‌ఓఎస్ 8కు 2029 వరకు మద్దతు ఉంటుందన్న భరోసాతో అనేక సంస్థలు దాన్ని వేసుకున్నాయి. 2020 డిసెంబరు 8న ఆ మాట మారింది. 2021 డిసెంబరు 31తోనే మద్దతు నిలిచిపోయింది. ఆ ఖాళీని పూరించేందుకు 2021లో ఆల్మాలినక్స్, రాకీ లినక్స్ వచ్చాయి. సెంట్‌ఓఎస్ 7 గడువు కూడా 2024 జూన్ 30తో ముగిసింది. పాత సర్వర్లలో ఇవి ఉంటే నడుస్తూనే కనిపిస్తాయి. కానీ కొత్తగా బయటపడే లోపాలకు మరమ్మతులు ఆగిపోయాయి. రోగుల వివరాలు, విద్యార్థుల మార్కులు అందులో ఉంటే అది తలుపు గడియ లేని ఇల్లే.

రోజుల లెక్క.. భ్రమ

‘మా సర్వర్ రెండేళ్లుగా ఒక్కసారీ ఆపలేదు’ అని గొప్పగా చెప్పేవారున్నారు. సిస్టమ్‌కు గుండెకాయ వంటి కెర్నెల్‌లో వచ్చిన మరమ్మతులు సాధారణంగా రీబూట్ చేస్తేనే అమల్లోకి వస్తాయి. నడుస్తుండగానే మరమ్మతు చేసే ప్రత్యేక ఏర్పాటు లేని చోట, రెండేళ్లు ఆపలేదంటే రెండేళ్లుగా ఆ మరమ్మతులు అందలేదని అర్థం. నెలకోసారి రాత్రివేళ ముందుగా చెప్పి ఆపడం లోపం కాదు.

మరోవైపు, ఆగిన ప్రతిసారీ సిస్టమ్‌ను నిందించడమూ తగదు. కరెంటు కోతలు, బలహీనపడిన యూపీఎస్ బ్యాటరీ, అరిగిన హార్డ్‌డిస్క్, వేసవి వేడి, దుమ్ము వల్లా సర్వర్ ఆగిపోతుంది. లాగ్ ఫైళ్లు చదివితే తప్పు ఎక్కడుందో చాలా సందర్భాల్లో తెలుస్తుంది.

ఎంచుకునే ముందు..

* మద్దతు ముగిసే తేదీ ఏది? దాన్ని కాగితంపై రాసి సర్వర్‌పై అతికించాలి.
* ఆ సిస్టమ్ వెనుక ఎవరున్నారు? ఒకరిద్దరిపైనే ఆధారపడిందా? గతంలో మాట నిలబెట్టుకున్నారా?
* భద్రతా ప్రకటనలు క్రమం తప్పకుండా వస్తున్నాయా?
* వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కు, ఆ సిస్టమ్‌లోని వెర్షన్లకు పొత్తు కుదిరిందా?
* ముందుగా పాత కంప్యూటర్‌లో వేసి నెల రోజులు నడపాలి. ఒకసారి ప్లగ్ తీసి, తిరిగి లేచిందా, సమాచారం భద్రంగా ఉందా చూడాలి.
* నిన్నటి బ్యాకప్‌ను వేరే యంత్రంలో తెరిచి చూడాలి. తెరుచుకోని బ్యాకప్ ఉన్నా లేనట్లే.
* పాడైతే బాగుచేయగల మనిషి అందుబాటులో ఉన్నాడా?

చివరి ప్రశ్న చిన్న పట్టణాలకు మరీ ముఖ్యం. ఎంత పేరున్న సిస్టమైనా స్థానికంగా తెలిసినవారు లేకపోతే, చిన్న లోపానికి కూడా ఖమ్మం నుంచో విజయవాడ నుంచో మనిషి రావాలి. ఆ మనిషి వచ్చేవరకు కౌంటర్ ముందు నిలబడి ఎదురుచూడాల్సింది సామాన్యులే.