కంచె ఖర్చు ఎవరిది?



కంచె లేని చేను తల్లి లేని బిడ్డ వంటిదని మన పెద్దల సామెత. ఇంటికీ అంతే. అయితే కంచె వేయించే ముందు రెండు లెక్కలు తేలాలి. ఎంత అవుతుంది? ఆ డబ్బు ఎవరు పెట్టుకోవాలి? మొదటిది మేస్త్రీ చెబుతాడు. రెండోది తేల్చుకోకపోతే ఏమవుతుందో చెన్నై వాషర్‌మెన్‌పేట్ పక్కనున్న ఒక పాత గోడ చెబుతుంది.

1758 డిసెంబరులో ఫ్రెంచి సేనాని లాలీ మద్రాసు మీదికి వచ్చి, ఈనాటి జార్జిటౌన్ ఉన్న చోటును ఆక్రమించాడు. 1767లో హైదరాలీ రౌతులు నగరం అంచులదాకా వచ్చారు. 1769లో హైదరాలీయే వచ్చి సంధి రాయించుకున్నాడు. ఆ భయంతో ఈస్టిండియా కంపెనీ 1770 ప్రాంతంలో పట్టణానికి ఉత్తరాన, పడమరన పెద్ద గోడ కట్టించింది. కంపెనీ ఇంజనీరుగా వచ్చిన పాల్ బెన్‌ఫీల్డ్ దానికి కాంట్రాక్టరు. ఉత్తరపు గోడ నేటి ఓల్డ్ జైల్ రోడ్డు వెంట సాగేది. కంపెనీ బట్టలు ఉతికి చలువ చేసిన రజకుల పేరు మీద వెలసిన వాషర్‌మెన్‌పేట్ దానికి ఉత్తరాన ఉంది, అంటే గోడకు బయట.

గోడ లేచాక ఖర్చు మాట వచ్చింది. రక్షణ లోపలివారికి కాబట్టి వారి ఇళ్లపై పన్ను వేయాలని కంపెనీ తలపెట్టింది. చట్టపరమైన చిక్కులు వచ్చాయి, పన్ను వసూలు కాలేదు. పడమటి గోడ పక్కనున్న బాటకు మాత్రం 'వాల్‌టాక్స్ రోడ్డు' అనే పేరు నిలిచిపోయింది. ఇప్పుడు దానికి వ.ఉ.చి. రోడ్డని పేరున్నా, జనం నోట పాత పేరే. గోడలో మిగిలిన ముక్క ఓల్డ్ జైల్ రోడ్డు దగ్గర నేటికీ ఉంది.

ఇక మన ఇంటి లెక్క చూద్దాం. 40 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు ఉన్న స్థలం చుట్టుకొలత 200 అడుగులు. గేటుకు 10 అడుగులు పోతే మిగిలేది 190. పది అడుగులకొక రాతి స్తంభం చొప్పున 20 స్తంభాలు కావాలి. నాలుగు వరుసల ముళ్లతీగకు 760 అడుగులు పడుతుంది. మూలల్లో ఆనుడు రాళ్లు, సిమెంటు, బండి బాడుగ, కూలి వేరు.

నేలను, గాలిని బట్టి కూడా ఖర్చు మారుతుంది. మనవాళ్లు కాపురముంటున్న అమెరికాలోని మిన్నియాపోలిస్ వంటి చలి ఊళ్లలో నేలలోని తేమ గడ్డకట్టి, ఉబ్బి, స్తంభాన్ని పైకి నెట్టేస్తుంది. అందుకే అక్కడ ఇంటి పునాదులు 42 అంగుళాల లోతుకు వెళ్లాలన్న నియమం ఉంది. కంచె గుంతకూ ఆ లోతే చూసుకుంటారు. గుంత లోతైతే కూలీ పెరుగుతుంది. వాషర్‌మెన్‌పేట్‌లో ఆ బాధ లేదు. కానీ సముద్రపు ఉప్పుగాలికి ఇనుప తీగ త్వరగా తుప్పు పడుతుంది. అక్కడ జింకు పూత ఉన్న తీగకు నాలుగు రూపాయలు ఎక్కువైనా నష్టం లేదు.

కాబట్టి పక్కింటివారితో కలిసి కంచె వేయదలిస్తే, ముందుగా సర్వేయరు చేత హద్దు కొలిపించండి. ఎవరి వాటా ఎంతో, రేపు తీగ తెగితే బాగుచేయించేది ఎవరో కాగితం మీద రాసుకోండి. కంపెనీ అంతటిది గోడ కట్టాక అడిగి పన్ను రాబట్టుకోలేకపోయింది. కంచె లేచాక వాటా అడిగితే పక్కింటివారు మాత్రం ఇస్తారా?