మీకు తెలుసా? మునిగిన ఓడల బంగారానికి మోటుపల్లిలో ఓ శాసనం

మునిగిపోయిన స్పానిష్ ఓడల బంగారు కడ్డీలను సేకరించేవాళ్లు ముందుగా చూసేది వాటిమీది ముద్రలనే. రాజుకు చెందాల్సిన అయిదో వంతు పన్ను కట్టినట్టు అధికారులు ముద్ర వేసేవారు. అది లేని కడ్డీ చాలాసార్లు దొంగ రవాణా సరుకే. 1622లో ఫ్లోరిడా దగ్గర తుపానుకు మునిగిన అటోచా ఓడలో రెండు రకాలూ ఉన్నాయి. మెల్ ఫిషర్ బృందం 1985లో దాని ప్రధాన నిధిని కనుగొంది.

ఓడ పగిలితే సొమ్మెవరిది? పొన్నూరు నుంచి బాపట్ల, చీరాల దాటి వెళ్తే వచ్చే మోటుపల్లిలో ఈ ప్రశ్నకు అటోచా మునగడానికి దాదాపు నాలుగు శతాబ్దాల ముందే జవాబు చెక్కారు. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసన స్తంభం ఉంది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలను పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారని అందులో దాపరికం లేకుండా రాయించాడు. తాను మాత్రం నిర్ణీత సుంకమే తీసుకుని మిగతాదంతా వర్తకులకే వదిలేస్తానని మాటిచ్చాడు. ప్రాణంకన్నా ధనమే మిన్న అనుకుని సముద్రమెక్కినవాళ్లమీద దయతోనూ, కీర్తి కోసమూ, ధర్మం కోసమూ ఇలా చేస్తున్నానన్నాడు. ఎగుమతి, దిగుమతుల మీద సుంకం ముప్పైలో ఒక వంతే. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు వంటి సరుకులకు విడివిడి రేట్లు కూడా చెక్కించాడు. మన తీరానికి ఇంతటి గర్వకారణం మరొకటి లేదనిపిస్తుంది.

ఆ శతాబ్దం చివర్లో మార్కో పోలో ‘ముత్ఫిలి’ అని రాసిన రేవు మోటుపల్లేనని చరిత్రకారులు గుర్తించారు.