యుద్ధం ఒక్కటే.. మృతుల లెక్కలు ఎన్నో! రష్యా సైనికుల మరణాలను పేరుపేరునా ఎలా లెక్కిస్తున్నారంటే..

రష్యా-ఉక్రెయిన్ యుద్ధంలో ఎంతమంది రష్యా సైనికులు చనిపోయారు? రష్యా ప్రభుత్వం ప్రకటించిన చివరి లెక్క చూస్తే ఆరు వేల లోపే. స్వతంత్ర మీడియా జాబితాలో 2025 ఫిబ్రవరి నాటికే 95 వేలకు పైగా పేర్లున్నాయి. గణాంక నిపుణుల అంచనాలు అంతకంటే చాలా ఎక్కువ. వీళ్లలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని అనిపించడం సహజం. అయితే అసలు సంగతి వేరే ఉంది. ఈ అంకెలన్నీ ఒకే విషయాన్ని లెక్కపెట్టినవి కావు.

సర్కారు చెప్పింది రెండు మూడుసార్లే

2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైంది. ఆ ఏడాది మార్చి 25న రష్యా రక్షణ శాఖ 1,351 మంది సైనికులు చనిపోయారని ప్రకటించింది. సెప్టెంబర్ 21న అప్పటి రక్షణ మంత్రి సెర్గీ షోయిగు ఆ సంఖ్య 5,937 అని చెప్పారు. ఆ తర్వాత అధికారికంగా అలాంటి మొత్తం లెక్క బయటకు రాలేదు.

దీనికి చట్టపరమైన కారణం కూడా ఉంది. ప్రత్యేక ఆపరేషన్లలో జరిగే సైనిక మరణాల సమాచారాన్ని రహస్యంగా పరిగణిస్తూ పుతిన్ 2015లోనే ఉత్తర్వు ఇచ్చారు. 2022 మార్చిలో వచ్చిన చట్టం ప్రకారం సైన్యం గురించి 'తప్పుడు సమాచారం' ప్రచారం చేస్తే 15 ఏళ్ల వరకు జైలు. అంటే చనిపోయినవారిని లెక్కపెట్టడమే ప్రమాదకరమైన పని అయిపోయింది.

అయినా ఆ పనికి కొందరు పూనుకున్నారు. మీడియాజోనా అనే స్వతంత్ర వార్తా సంస్థ, బీబీసీ రష్యన్ సర్వీస్, వాటితో కలిసి పనిచేసే వాలంటీర్లు 2022 నుంచి పేరుపేరునా జాబితా తయారు చేస్తున్నారు.

ఒక్క పేరు జాబితాలోకి ఎక్కాలంటే..

ప్రభుత్వం దాచినా చావు పూర్తిగా దాగదు. ఊళ్లో అంత్యక్రియలు జరుగుతాయి. స్థానిక పత్రిక నాలుగు ముక్కలు రాస్తుంది. జిల్లా అధికారో, గవర్నరో సంతాపం చెబుతారు. చదువుకున్న బడిలో స్మారక ఫలకం పెడతారు. రష్యాలో ఎక్కువమంది వాడే వీకే అనే సోషల్ మీడియాలో అక్కో, భార్యో ఫొటో పెట్టి రెండు మాటలు రాస్తారు. వాలంటీర్లు వెతికేది ఇలాంటి వాటినే. కొందరు నేరుగా శ్మశానాలకు వెళ్లి కొత్త సమాధుల మీద ఉన్న పేర్లు, తేదీలు నమోదు చేసుకుంటారు.

దొరికిన ప్రతి పేరునూ వెంటనే ఎక్కించరు. స్థానిక మీడియా, అధికారుల ప్రకటన ఉంటే దాన్ని ఆధారంగా తీసుకుంటారు. కుటుంబ సభ్యుల పోస్టు మాత్రమే ఉంటే పుట్టిన తేదీ, సొంతూరు, ఫొటో వంటి వివరాలు సరిపోతున్నాయో లేదో చూస్తారు. ఎవరో 'మా ఊరివాళ్లు పదిమంది పోయారు' అని రాస్తే అది లెక్కలోకి రాదు. ఎందుకంటే అందులో పేరు లేదు.

ఇంకో చిక్కు.. ఒకే పేరుతో ఇద్దరు ఉండొచ్చు. ఒకే మనిషి పేరు రెండు చోట్ల రెండు రకాలుగా రాసి ఉండొచ్చు. మొదటిది గమనించకపోతే లెక్క తగ్గుతుంది, రెండోది గమనించకపోతే పెరుగుతుంది. అందుకే పుట్టిన తేదీ, ఊరు అంత ముఖ్యం.

జాబితా అంటే 'కనీసం ఇంతమంది' అని

2025 ఫిబ్రవరిలో, యుద్ధానికి మూడేళ్లు నిండిన సమయంలో, ఈ జాబితా 95 వేలు దాటింది. అంటే 95 వేల మందే చనిపోయారని కాదు. కనీసం ఇంతమంది చనిపోయారని రుజువుందని అర్థం. కుటుంబం ఏమీ రాయకపోతే, శవం యుద్ధభూమిలోనే ఉండిపోతే, ఆ మనిషి పేరు ఇందులోకి రాదు. ఈ పద్ధతిలో దొరికేది మొత్తం మరణాల్లో 45 నుంచి 65 శాతం ఉండొచ్చని బీబీసీ సంప్రదించిన సైనిక నిపుణులు అంచనా వేశారు. ఆ లెక్కన అసలు సంఖ్య సుమారు 1.46 లక్షల నుంచి 2.11 లక్షల మధ్య ఉండాలి.

ఆస్తి కాగితాల్లో దొరికిన నిజం

మరి జాబితాకు అందనివాళ్ల సంగతి? దీనికి 2023లో ఓ కొత్త దారి దొరికింది. రష్యాలో ఎవరైనా చనిపోతే వారసులు ఆస్తి కోసం నోటరీ దగ్గర కేసు తెరుస్తారు. ఆ రిజిస్టర్ అందరికీ అందుబాటులో ఉండేది. సాధారణ మరణాలైతే ఆడా మగా సంఖ్యల మధ్య ఏటా దాదాపు ఒకే నిష్పత్తి ఉంటుంది. యుద్ధం వచ్చాక మగవారి కేసులు మాత్రమే అసాధారణంగా పెరిగాయి. ఆ పెరుగుదలే యుద్ధ మరణాలకు ఆనవాలు.

మీడియాజోనా, మెడూజా సంస్థలు గణాంక నిపుణుడు దిమిత్రీ కోబాక్‌తో కలిసి ఈ లెక్క వేశాయి. 2023 మే చివరి నాటికి 50 ఏళ్ల లోపు రష్యా పురుషులు సుమారు 47 వేల మంది యుద్ధంలో చనిపోయారని తేలింది. అప్పటికి పేర్ల జాబితాలో ఉన్నది 25 వేలకు అటూఇటుగా మాత్రమే. అదే ఏడాది చివరికి అంచనా 75 వేలకు చేరింది.

ఈ పద్ధతికీ పరిమితులున్నాయి. ఆస్తి లేనివాడి పేరు మీద వారసత్వ కేసు ఉండదు. పైగా కేసు తెరవడానికి వారసులకు ఆరు నెలల గడువు ఉంటుంది కాబట్టి కొత్త మరణాలు ఆలస్యంగా కనిపిస్తాయి. అందుకే ఈ అంచనాను ఒకే అంకెగా కాకుండా 'ఇంత నుంచి ఇంత వరకు' అని చెబుతారు.

'నష్టం' అంటే మరణాలేనా?

తెలుగులోకి వచ్చేసరికి ఎక్కువగా పొరపాటు జరిగేది ఇక్కడే. ఉక్రెయిన్ సైన్యం రోజూ ప్రకటించే రష్యా 'నష్టాల'లో చనిపోయినవారితో పాటు గాయపడినవారు కూడా ఉంటారు. బ్రిటన్ రక్షణ శాఖ చెప్పే సంఖ్యలూ అంతే. దాన్ని 'మృతులు' అని అనువదిస్తే లెక్క ఒక్కసారిగా రెండు మూడింతలు పెరిగిపోతుంది.

యుద్ధంలో ఉన్న ఏ పక్షమైనా ఎదుటివారి నష్టాన్ని పెంచి, తమ నష్టాన్ని తగ్గించి చెప్పుకోవచ్చు. ఉక్రెయిన్‌కూ ఇది వర్తిస్తుంది. తమ సైనికులు 31 వేల మంది చనిపోయారని 2024 ఫిబ్రవరిలో, 43 వేల మంది అని ఆ ఏడాది డిసెంబర్‌లో జెలెన్‌స్కీ చెప్పారు. ఇవి ప్రభుత్వ ప్రకటనలు, పేర్ల జాబితాలు కావు.

ఇక ఉక్రెయిన్‌లో పౌరుల మరణాలను ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం విడిగా లెక్కిస్తోంది. 2024 చివరికి అది 12 వేలు దాటింది. మరియుపోల్ లాంటి చోట్లకు వెళ్లి పరిశీలించే వీలు లేకపోవడంతో అసలు సంఖ్య ఎక్కువే ఉంటుందని ఆ కార్యాలయమే చెబుతోంది.

గ్రాఫ్ కూడా తప్పుదారి పట్టించొచ్చు

వారాల వారీగా గీసిన గ్రాఫ్‌లో చివరి వారాల గీతలు ఎప్పుడూ పొట్టిగానే ఉంటాయి. మరణాలు తగ్గాయని కాదు, ఆ పేర్లు ఇంకా బయటకు రాలేదని అర్థం. ప్రాంతాల వారీ మ్యాప్ సంగతీ అంతే. మొత్తం సంఖ్యలో బష్కోర్తోస్తాన్ ముందుంటుంది. కానీ జనాభాతో పోల్చి చూస్తే తువా, బుర్యాతియా లాంటి చిన్న, పేద ప్రాంతాలు పైకి వస్తాయి. ఏ ఇళ్ల మీద ఎక్కువ దెబ్బ పడిందో రెండో మ్యాప్ చూస్తేనే తెలుస్తుంది.

హైదరాబాద్ దాకా వచ్చిన విషాదం

హెల్పర్ ఉద్యోగం అన్న మాట నమ్మి రష్యా వెళ్లిన హైదరాబాద్ యువకుడు ఒకరు యుద్ధంలో చనిపోయినట్లు 2024 మార్చిలో మాస్కోలోని భారత రాయబార కార్యాలయం ధ్రువీకరించింది. 2025 జనవరి 17న విదేశాంగ శాఖ చెప్పిన లెక్క ఇదీ.. రష్యా సైన్యంలో చేరినట్లు తెలిసిన భారతీయులు 126 మంది. 96 మంది తిరిగొచ్చారు. 12 మంది చనిపోయారు. ఇంకా సైన్యంలో ఉన్న 18 మందిలో 16 మంది ఆచూకీ తెలియదు.

ఇలాంటివారిని లెక్కించడం ఇంకా కష్టం. వాళ్ల గురించి రష్యా పల్లె పత్రికలో వార్త రాదు, అక్కడి రిజిస్టర్‌లో వారసత్వ కేసు ఉండే అవకాశం తక్కువ. 'ఆచూకీ తెలియదు' అన్నవారి పేరు మృతుల జాబితాలోకీ ఎక్కదు, ఇంటికొచ్చినవారి జాబితాలోకీ ఎక్కదు. వాళ్ల ఇళ్లవాళ్లకు ఎదురుచూపే మిగులుతుంది.

కాబట్టి ఈసారి ఫోన్‌లో యుద్ధ మృతుల సంఖ్య కనిపిస్తే షేర్ చేసే ముందు మూడు విషయాలు చూసుకోవాలి. ఆ లెక్క చెప్పింది ఎవరు? అందులో గాయపడినవారు కూడా కలిసి ఉన్నారా? అది పేర్లతో తేల్చిన కనీస సంఖ్యా, లేక అంచనానా? ఈ మూడింటికీ జవాబు లేకపోతే ఆ అంకెను నమ్మడానికి తొందరపడకూడదు.