బొమ్మ దేనిమీదో తేల్చుకుని ప్రింటరు కొనండి!

కప్పు మీద పాపాయి ఫోటో, టీషర్టు మీద పేరు, పేరంటంలో పంచే గాజు సీసాల మీద పువ్వుల గుత్తి... ఇలాంటివి ఇంట్లోనే చేసి అమ్ముకోవచ్చని విని ఉత్సాహపడే గృహిణులు చాలామందే ఉన్నారు. పని మరీ కష్టమైనదేం కాదు. చిట్టీ డబ్బులు చేతికి రాగానే షాపుకి వెళ్లి "ఓ మంచి ప్రింటరు ఇవ్వండి" అని అడగడంలోనే ఉంది చిక్కంతా. మంచి ప్రింటరంటూ విడిగా ఏదీ లేదండీ. మీరు దేనిమీద బొమ్మ వేస్తారో దాన్నిబట్టే ప్రింటరు.

మా వీధిలో ఒకావిడ "అన్నిటికీ పనికొస్తుందక్కా" అన్న షాపతని మాట నమ్మి సబ్లిమేషన్ ప్రింటరు కొన్నారు. బడిపిల్లల కాటన్ టీషర్టులు 20 చేసిస్తానని ఒప్పుకున్నారు. వేసినరోజు బాగానే ఉన్నాయి. రెండు ఉతుకులయ్యేసరికి బొమ్మలు వెలిసిపోయి, తల్లులు వరసగా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు! ఆ రంగుకీ కాటన్‌కీ పొత్తు కుదరదని ఆవిడకి ఎవరూ చెప్పలేదు పాపం.

హారతి కర్పూరం కరిగి నీరవకుండానే ఆవిరైపోతుంది కదూ? సబ్లిమేషన్ రంగూ అంతే. దాదాపు 200 డిగ్రీల వేడి తగిలితే ఆవిరై పాలియెస్టర్ దారంలోకి దూరి అక్కడే స్థిరపడుతుంది. కాటన్‌లో దానికి చోటు లేదు. పైగా ఈ ఇంకుల్లో తెలుపు ఉండదు కనుక, తెల్లటి లేదా లేతరంగు బట్ట మీదే బొమ్మ తేలుతుంది. కప్పులైనా అంతే, వంటింట్లోని మామూలు కప్పు పనికిరాదు. ఇందుకోసమే పైపూత వేసినవి విడిగా అమ్ముతారు. కాగితం మీద బొమ్మని అద్దంలో కనిపించినట్టు తిరగేసి వేయాలి సుమా, లేకపోతే పేరు కుడిఎడమలు తారుమారవుతుంది!

బట్ట ఏదో తెలియకపోతే అంచు నుంచి ఒక దారం లాగి, పట్టకారుతో పట్టుకుని మంటకి చూపించండి. కాగితం కాలిన వాసనతో బూడిదైతే కాటన్. కరిగి నల్లటి పూసలా గట్టిపడితే పాలియెస్టర్.

ఈ పనికి ఎక్కువమంది ఎప్సన్ ట్యాంకు ప్రింటరు కొని, దాంతో వచ్చిన ఇంకు పోయకుండా సబ్లిమేషన్ ఇంకు పోస్తారు. కారణం ఉంది. హెచ్‌పీ, కానన్ ఇంకు ప్రింటర్లు చాలావాటిలో ఇంకుని వేడిచేసి చుక్కగా బయటికి తోస్తారు. ఎప్సన్‌లో వేడి లేకుండా ఒత్తిడితోనే తోస్తారు. ఆవిరయ్యే ఇంకుకి ఇదే నయం. అయితే వేరే ఇంకు పోస్తే కంపెనీ గ్యారంటీ వదులుకోవాల్సిందే. పిల్లల ప్రాజెక్టు కాగితాలు వేసుకోవడానికీ ఇక ఆశ పెట్టుకోకండి.

కాటన్ మీదే వేస్తానంటారా? అయితే పిగ్మెంట్ ఇంకు వాడే ప్రింటరు చూడండి. డై ఇంకు తడి తగిలితే పాకుతుంది, పిగ్మెంట్ తట్టుకుంటుంది. ట్రాన్స్‌ఫర్ కాగితం మీద అచ్చువేసి ఇస్త్రీ పెట్టెతోనే అద్దవచ్చు. పెట్టెలో నీళ్లు పోయకండి. పరుపు మీద కాక గట్టి బల్ల మీద దుప్పటి మడిచి వేసుకోండి. తెల్లబట్టకి ఒక కాగితం, ముదురు రంగులకి వేరొకటి. ముదురు కాటన్ ఆర్డర్లు ఎక్కువగా వస్తే డీటీఎఫ్ మేలు, కానీ ఆ యంత్రం ఇంట్లో పెట్టుకోమని నేను చెప్పను. అందులోని తెల్ల ఇంకు అడుగున పేరుకుంటుంది, రోజూ నడుపుతుండాలి. బొమ్మలున్న ఫిల్మ్ మీటర్ల లెక్కన బయట వేయించుకుని మీరు అద్దుకుంటే చాలు.

ఇక డెకాల్స్. బబుల్‌గమ్‌తో వచ్చే బొమ్మని తడిపి చేతిమీద అంటించుకున్నట్టే, నీళ్లలో నానబెట్టి గాజుమీదికి జార్చే పల్చటి పొర ఇది. దీనికి లేజర్ ప్రింటరు హాయి. దాని టోనరు ప్లాస్టిక్ కలిసిన పొడి, వేడికి కరిగి కాగితానికి పట్టేస్తుంది, నీళ్లకి చెక్కుచెదరదు. ముగ్గులు, పేర్లు మాత్రమే వేసేవారికి నలుపు లేజర్ సరిపోతుంది. ఇంకు ప్రింటరైతే నీళ్లలో వేసేముందు రంగులేని వార్నిష్ స్ప్రే రెండు మూడు పల్చటి పూతలు కొట్టి ఆరనివ్వాలి. ఒక్కటి మాత్రం మరవకండి: ఇంకు ప్రింటరు కోసం చేసిన డెకాల్ కాగితం లేజర్‌లో పెడితే పూత కరిగి లోపలి వేడి రోలరుకి చుట్టుకుంటుంది. రిపేరు ఖర్చు మామూలుగా ఉండదు! ఇలా అంటించిన బొమ్మ పూలకుండీకి, సీసాకి అందం. తినే పళ్లెంలో, పెదవి తగిలే అంచున వద్దు. పీచుతో తోమితే లేచిపోతుంది కూడా.

హీట్ ప్రెస్ కొంటే 15 యాంపియర్ల పవర్ ప్లగ్ దగ్గరే పెట్టండి. గీజరు వేసినప్పుడు దీన్ని వేయకండి. ఆవిరి పోయేలా కిటికీ తెరిచి, పిల్లల్ని దూరంగా ఉంచండి. ఆర్డరు ఒప్పుకునే ముందు ఒక్క టీషర్టు చేసి నాలుగుసార్లు ఉతికి చూసుకోండి.

ఇంకు ప్రింటరు ఊరికే ఉంటే రంధ్రాల్లో ఇంకు ఎండిపోతుంది. వారానికోసారి అన్ని రంగులూ ఉన్న చిన్న బొమ్మ వేస్తుండండి. పుట్టింటికి వెళితే ఆ పని శ్రీవారికి అప్పగించండి!