ఆయిల్ మార్చారు సరే, వాషర్ మార్చారా?

ఇంజన్ ఆయిల్ మార్పించిన వారానికి బండి నిలిపిన చోట నేల మీద నల్లటి చుక్కలు కనిపిస్తాయి. ఆయిల్ కొత్తది, ఫిల్టర్ కొత్తది. బోల్టు సరిగా బిగించలేదేమోనని మెకానిక్ పానా తెచ్చి మరో పావు చుట్టు తిప్పుతాడు. చుక్క ఆగుతుంది. చాలా బళ్లలో అసలు నష్టానికి బీజం పడేది ఆ పావు చుట్టులోనే.

కారు ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టిని మనవాళ్లు ఛాంబర్ అంటారు. పాత ఆయిల్ దించడానికి దాని అడుగున ఒక రంధ్రం, దాన్ని మూసే డ్రెయిన్ బోల్టు ఉంటాయి. బోల్టు తలకూ ఛాంబర్‌కూ మధ్య ఒక పలుచటి రింగు కూర్చుంటుంది. అదే సీలింగ్ వాషర్ (నలిగి సందు మూసే రింగు). కొన్ని బళ్లలో అది రాగిది, కొన్నింట్లో అల్యూమినియంది. రేకును మడిచి లోపల బోలుగా చేసినవీ ఉన్నాయి.

మరలు గట్టిగా పట్టుకుంటే ఆయిల్ బయటికి రాదని చాలామంది అనుకుంటారు. మరల పని పట్టుకోవడం, మూయడం కాదు. బోల్టు మరకూ రంధ్రం మరకూ మధ్య సన్నటి సందు ఉండి తీరాలి. లేకపోతే బోల్టు తిరగనే తిరగదు. వేడెక్కి పలచబడిన ఆయిల్ ఆ సందు వెంట చుట్లు తిరుగుతూ కిందికి దిగుతుంది. దాన్ని బోల్టు తల దగ్గర ఆపాలి. తల కింది భాగం, ఛాంబర్ అంచు కంటికి నున్నగానే ఉన్నా, వాటి మీద సన్నటి గీతలుంటాయి. వాషర్ మెత్తటిది కాబట్టి బోల్టు బిగించినప్పుడు నలిగి ఆ గీతల్లోకి చొచ్చుకుపోతుంది.

ఈసారి విప్పిన వాషర్‌ను వెలుతురులో పట్టి చూడండి. బోల్టు తల ఆనిన మేర మెరిసే పల్లం, దాని పక్కన కాస్త లేచిన అంచు కనిపిస్తాయి. గోటితో గీస్తే ఆ అంచు తగులుతుంది. మళ్లీ బిగించినప్పుడు ఆ పల్లం పాత చోటనే సరిగ్గా కూర్చోదు. పైగా ఒకసారి నలిగిన లోహం గట్టిపడుతుంది. మళ్లీ నలగాలంటే మొదటిసారి కంటే ఎక్కువ బలం కావాలి.

పాతకాలం మెకానిక్‌లు రాగి వాషర్‌ను ఎర్రగా కాల్చి చల్లార్చి వాడేవారు. అది వట్టి నమ్మకం కాదు. కాలిస్తే రాగి మళ్లీ మెత్తబడుతుంది. తర్వాత ఎమరీ కాగితం మీద రుద్ది సమం చేస్తే పనికొస్తుంది. అల్యూమినియంతో మాత్రం ఈ ప్రయోగం వద్దు. అది ఎర్రబడకుండానే కరిగిపోతుంది.

పాత వాషర్ వేసిన ప్రతిసారీ ఆయిల్ కారుతుందని కాదు. ఏళ్ల తరబడి ఒకే వాషర్‌తో నడిచే బైకులు ఎన్నో ఉన్నాయి. చిక్కు ఏమిటంటే, గట్టిపడిన వాషర్‌ను నలపడానికి ప్రతిసారీ ఇంకొంచెం బలం పెడతారు. ఆ భారం వాషర్ మీద ఆగదు, మరల మీద పడుతుంది.

నిజానికి అంత బలం అక్కర్లేదు. ఇంజన్‌లోని ఆయిల్ పంపు తోసే ఒత్తిడి ఛాంబర్‌లో నిలిచిన ఆయిల్‌కు ఉండదు. దాని బరువు మాత్రమే బోల్టు మీద ఉంటుంది. 10 సెంటీమీటర్ల లోతు ఆయిల్ మోపే ఒత్తిడి వాతావరణ పీడనంలో నూరో వంతు కూడా కాదు. వాషర్ నలగడానికీ, అదురుకు బోల్టు వదులు కాకుండా ఉండడానికీ చాలినంత టార్క్ (బోల్టును తిప్పే బలం) ఉంటే చాలు. చాలా హోండా కార్లలో 14 మిల్లీమీటర్ల డ్రెయిన్ బోల్టుకు అది 39 న్యూటన్ మీటర్లు. అంటే 20 సెంటీమీటర్ల పానా చివర దాదాపు 20 కిలోల బరువు వేలాడదీసినంత. అదే పానాకు పైపు తొడిగి 60 సెంటీమీటర్లు చేసి అంతే బలం పెడితే, బోల్టు మీద మూడింతలు పడుతుంది.

బోల్టు ఉక్కుది. ఇప్పటి ఛాంబర్లు ఎన్నో అల్యూమినియం మిశ్రమంతో పోతపోసినవి. రెండూ తలపడితే లేచిపోయేవి ఛాంబర్ మరలే. కారులో అయితే ఛాంబర్ విడి భాగం కాబట్టి మార్చుకోవచ్చు. బైకుల్లో ఎక్కువగా ఆ రంధ్రం ఇంజన్ కేసింగ్‌లోనే ఉంటుంది. అప్పుడు లేత్ షాపులో రంధ్రం పెద్దది చేయించి కొత్త మర దించాలి, లేదా కేసింగే మార్చాలి. కొన్ని రూపాయల వాషర్ ఆదా చేసినందుకు వచ్చే బిల్లు ఇది.

మరలకు టేపు చుట్టడం, పేస్టు పూయడం కూడా చూస్తుంటాం. నాకైతే అవి నచ్చవు. తెగిన ముక్కలు ఛాంబర్‌లోకి పోయి పంపు జాలీకి అడ్డుపడతాయి. ఇంకో పొరపాటు పైకి కనిపించదు. పాత వాషర్ ఛాంబర్‌కే అంటుకుని ఉంటుంది, దాని మీదే కొత్తది వేసేస్తారు. రెండు వాషర్లు సరిగా కూర్చోక ఆయిల్ కారుతుంది. బోల్టు విప్పగానే రంధ్రం చుట్టూ గుడ్డతో తుడిచి చూస్తే ఇది తెలిసిపోతుంది.

అన్ని బళ్లకూ ఒకే పద్ధతి వర్తించదు. కొన్నింటికి రబ్బరు రింగు ఉంటుంది. కొన్ని కొత్త కార్లలో ప్లాస్టిక్ ప్లగ్గు ఒకసారి వాడి పారేసేదే. కొన్ని గేర్‌బాక్సుల్లో బోల్టు మొన వైపు సన్నబడుతూ మరలతోనే బిగుసుకుంటుంది, దానికి వాషర్ ఉండదు. మీ బండికి ఏది, ఎంత బిగించాలి అన్నది కంపెనీ మాన్యువల్ చూసి తెలుసుకోవాలి.

ఈసారి సర్వీసుకు ఆయిల్, ఫిల్టర్ కొనేటప్పుడు బండి మోడల్ చెప్పి డ్రెయిన్ వాషర్ కూడా అడగండి. బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. పానాకు పైపు తొడిగితే వద్దనండి.